గుండ్లకమ్మ ఒడ్డుకు

ఒంగోలులోని ప్రార్థన కొండ పెద్ద ఎత్తేమీ కాదు. మోకాళ్ళ నొప్పులున్న మా సంఘపు అవ్వ కూడా మధ్యమధ్య కూలబడి, పైటచెంగుతో మొహం తుడుచుకుని, "పదండి అయ్యగారా" అంటూ ఎక్కేసింది. పైనుంచి చూస్తే నలువైపులా ఊరే. మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు, సెల్‌ టవర్లు. 1854 జనవరి 1న చీకటితో లేచి ఇక్కడికి ఎక్కినవాళ్ళకు ఇవేవీ కనిపించి ఉండవు. వాళ్ళు ఐదుగురు. నెల్లూరు నుంచి ఊళ్ళ వెంట బోధిస్తూ వచ్చిన అమెరికన్‌ బాప్టిస్టు మిషనరీ లైమన్‌ జూవెట్‌, ఆయన భార్య యుఫీమియా, నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు. ఇక్కడే మోకరించి, ఈ ప్రాంతానికి ఒక పనివాణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. నాగజెముడు పొదలు కమ్ముకున్న ఒక మెరక నేలను చూపించి, అక్కడ మన మిషను బంగళా ఉంటే ఎలా ఉంటుందని జూవెట్‌ జూలియాను అడిగాడని చెబుతారు.

అడగడానికైతే అడిగారు గానీ, అప్పటికి ఆ మిషనుకే దిక్కులేదు. శామ్యూల్‌ డే 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన పని అది. పదమూడేళ్ళు గడిచినా చెప్పుకోవడానికి పట్టుమని కొందరు విశ్వాసులు లేరు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో, ఈ తెలుగు మిషనును మూసేద్దామా అన్న మాట వచ్చింది. పటంలో నెల్లూరు దగ్గర ఒకే ఒక్క నక్షత్రం గుర్తు ఉండేదట. దాన్ని చూసే 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు పడింది. మూసేయలేదు. అలాగని పనివాడూ వెంటనే రాలేదు. జాన్‌ ఎవరెట్‌ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. కొండమీద ప్రార్థనకూ, ఆ మనిషి వచ్చి దిగడానికీ నడుమ పన్నెండేళ్ళు.

ఆ పన్నెండేళ్ళ గురించే నేను ఆ కొండమీద మావాళ్ళకు చెప్పాను. ఇంకేం ప్రసంగం చేయలేదు. మాకు గడిచిన ఏడాది అంతా ఎదురుచూపే కాబట్టి, అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను ప్రకాశం జిల్లా మెట్టలో ఒక చిన్న సంఘానికి కాపరిని. పొగాకు గ్రేడింగుకు వెళ్ళే ఆడవాళ్ళు, చీమకుర్తి క్వారీల్లో గ్రానైటు పని చేసే మగవాళ్ళు, హైదరాబాదుకు, బెంగుళూరుకు పోయి పండగలకు వచ్చే పిల్లలు, ఇదీ మా సంఘం. 2023 డిసెంబరులో మిచౌంగ్‌ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన వానకు మా పాత గుడి వెనక గోడ నిలువునా పగిలింది. తాతల కాలంలో ఆడా మగా రాళ్ళు నెత్తిన మోసి, సున్నం గానుగ ఆడించి కట్టుకున్న గుడి. పిల్లల్ని లోపల కూర్చోబెట్టవద్దని ఇంజనీరు తేల్చి చెప్పాడు. మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, ఈస్టరు ఆ పగులు చూసుకుంటూనే జరుపుకున్నాం. ఆ తర్వాత పడగొట్టాం. పెంకులు దించేటప్పుడు ముసలివాళ్ళు ఒక్కొక్క పెంకు చేతికందుకుని వరస పేర్చారు, మళ్ళీ వాడబోమని తెలిసి కూడా. కొత్త పునాది పడింది, స్తంభాలు లేచాయి. స్లాబు దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోయింది. ఇస్తామన్నవాళ్ళలో కొందరికి ఇబ్బందులు వచ్చాయి. ఇనుము రేటు మా చేతిలో లేదు. అప్పటినుంచి ఆరాధన చింతచెట్టు కింద, టార్పాలిన్‌ పట్ట నీడలో.

కప్పు పోతే సంఘం అంటే ఏమిటో తెలుస్తుందని పెద్దలు చెప్పేవాళ్ళు. నాకు తెలిసిన తీరు మాత్రం నొప్పిగానే ఉంది. కొన్ని కుటుంబాలు టౌనులో ఏసీ హాలున్న ఒక పెద్ద సంఘానికి మారిపోయాయి. ఆదివారం పొద్దున బస్సు మా వీధి చివరకే వచ్చి ఎక్కించుకుపోతుంది. చంటిబిడ్డతో మే నెల ఎండలో పట్ట కింద కూర్చోలేని తల్లిని నేను తప్పుపట్టలేను. కానీ నేను బాప్తిస్మమిచ్చిన పిల్లలు ఆ బస్సు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపితే, తిరిగి ఊపడానికి నా చెయ్యి లేచేది కాదు. ఎస్టిమేటు మీద మాటామాటా పెరిగి ఇద్దరు డీకన్లు పలకరింపులు మానుకున్నారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారేటప్పుడు కూడా చూపులు కలిసేవి కావు.

అదే ఏడాది ఇంకొకటీ జరిగింది. గుడి లేదు కాబట్టి స్త్రీల సమాజం వాళ్ళు వారం మధ్యలో ఇంటింటా ప్రార్థన పెట్టారు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి గుడి కోసం పక్కన పెట్టే అలవాటు మా అమ్మల నాటిది. మధ్యలో సన్నగిల్లింది. దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. ఇళ్ళల్లో పాట వినిపిస్తుంటే, ఎన్నడూ గుడి గడప తొక్కని మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని వినడం మొదలైంది. ఒకాయన రెండు నెలలు అరుగు దిగలేదు. మూడో నెల లోపలికి వచ్చి గోడ వారగా కూర్చున్నాడు. గుడి ఉన్న రోజుల్లో నేనెన్నిసార్లు పిలిచినా రాని మనిషి.

డిసెంబరు 31 రాత్రి వాచ్‌ నైట్‌లో ఏడాది నివేదిక చదవడం ఆనవాయితీ. చదివాను. కానుకల లెక్క, కట్టడం లెక్క, సంఘం వదిలి వెళ్ళినవాళ్ళు, నిద్రించినవాళ్ళు. చదివి కాగితం మడుస్తుంటే మా సంఘంలో అందరికన్నా పెద్దదైన అవ్వ లేచి నిలబడింది. "అయ్యగారా, మా జేజి వాళ్ళమ్మ గుండ్లకమ్మలో మునిగిందంట. ఆ రేవు నేను చూడలా. పొయ్యేలోపు ఒకసారి చూపియ్యండి" అంది. సంక్రాంతి వెళ్ళాక ఆమెను తీసుకుని బయల్దేరాం. ఒక విశ్వాసి ట్రక్కు ఆటో, పులిహోర, పెరుగన్నం, నీళ్ళ క్యాన్లు. ఎడమొహం పెడమొహంగా ఉన్న డీకన్లిద్దరూ వచ్చారు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక.

కొండ దిగి మిషను కాంపౌండు వైపు వెళ్ళాం. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఇక్కడ సంఘం ఏర్పడింది. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు. భూమి కొలవడం, మట్టి పని అంచనా కట్టడం ఆయనకు చేతనైన విద్య. అది తర్వాత అక్కరకొచ్చింది. అయితే ఈ ప్రాంతంలో సువార్తకు దారి వేసింది ఆయన ఒక్కడే అంటే నేను ఒప్పుకోను. అంతకుముందే దారి వెతుకుతున్న మనిషి ఒకడున్నాడు. యర్రగుంట్ల పేరయ్య. పడమటి మెట్ట పల్లెల్లో తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగాయన. యోగం నేర్పే గురువుల దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేసి, ఒక్కడే అయిన దేవుణ్ణి వెతుక్కుంటూ ఒంగోలుకు వచ్చాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తిరిగి వెళ్ళి చుట్టాల ఊళ్ళన్నీ తిరిగారు. వియ్యాలవారి పల్లె, మేనమామ పల్లె, తోళ్ళు కొనే పల్లె. మా ప్రాంతంలో సువార్త చుట్టరికాల దారినే నడిచింది. ఒక్కొక్కరుగా తెగిపోయి రావడం మావాళ్ళకు తెలియదు, ఇంటిల్లిపాదీ కదిలి వచ్చారు. దాన్ని లోతులేని విశ్వాసం అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం అందులో లోపమేమీ కనిపించదు. ఆకలి కలిసి పడ్డవాళ్ళు, అవమానం కలిసి పడ్డవాళ్ళు, ఒక నిర్ణయానికి కూడా కలిసే వచ్చారు.

పేరయ్య తరం వాళ్ళు చేరేవాళ్ళకు మూడు కట్టడలు పెట్టారు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి మామూలు మాటలు. కానీ ఆ రోజుల్లో మాదిగపల్లె మనిషి కాలం ఊరి చేతిలో ఉండేది. మోటబావికి తోలు బొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఏడు రోజుల్లో ఒకరోజు నాది అని చెప్పడం, జాతరకు డప్పు కొట్టనని చెప్పడం, ఊరి కట్టుకు ఎదురు నిలవడమే. దానికి తగ్గ శిక్షలు పడ్డాయి. బావి నీళ్ళు ఆపారు, కూలి ఆపారు, కొట్టారు. మా కుర్రవాళ్ళకు ఈ సంగతి నేను పదేపదే చెబుతుంటాను. సెలవు దినం అనేది మనకు ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు.

ఒంగోలు నుంచి కొత్తపట్నం రోడ్డు పట్టుకుంటే సముద్రం దగ్గరపడుతుండగా బకింగ్‌హాం కాలువ అడ్డం వస్తుంది. రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, ఉప్పుగాలి. కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకుపోయి నీళ్ళు కదులుతున్నట్టే లేవు. మేం వంతెన పక్కన ఆటో ఆపి గట్టు మీదికి దిగాం. కరువు కాలంలో క్లౌ తవ్వించడానికి గుత్తకు తీసుకున్న మూడున్నర మైళ్ళు సరిగ్గా ఈ చోటే అని చూపించగలిగే గుర్తేదీ అక్కడ నాకు కనిపించలేదు. కానీ ఒంగోలుకు తూర్పున ఉన్న ఈ కాలువ గట్ల మీదే ఆ కరువు జనం బతికి బయటపడ్డారు.

1876లో వానలు పోయాయి. ధాత కరువు అని ఇప్పటికీ ముసలివాళ్ళ నోట వినిపించే కరువు అది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. గవర్నరు డ్యూక్‌ ఆఫ్‌ బకింగ్‌హాం పేరు పెట్టుకున్న ఈ కాలువలో, అతుకుపడని భాగాలను కలిపే తవ్వకాన్ని కరువు పనిగా చేయించారు. పాత సర్వేయరు క్లౌ మూడున్నర మైళ్ళు గుత్తకు తీసుకున్నాడు. జనం మెట్ట పల్లెల నుంచి ఎముకల పోగులుగా నడిచి వచ్చారు. తాటాకు గుడిసెలు వేసి, బావులు తవ్వించి, వేలమందికి పని చూపించారు. కలరా కూడా వచ్చింది. ముఠాల మీద మేస్త్రీలుగా ఉన్నది తెలుగు బోధకులు. పొద్దంతా మట్టి లెక్క చూసి, పని ఆపి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు.

క్వారీలో పనిచేసే మా డీకను గట్టు వాలు చూసి కాసేపు మౌనంగా నిలబడ్డాడు. "అయ్యగారూ, ఇది పారలతో, గంపలతో తవ్విందేగా. తిండిలేని ఒంటితో రోజుకు ఒక మనిషి ఎన్ని గంపలు మోసుంటాడు?" అన్నాడు. తాను మొదట్లో క్వారీలో మిషన్లు లేనిచోట మట్టి ఎత్తిన రోజులు చెప్పుకొచ్చాడు. తవ్విన లోతు తెలియడానికి మధ్యలో మట్టిదిబ్బ ఒకటి వదిలేస్తారని, సాయంత్రం దాని పక్కన టేపు పెట్టి కొలుస్తారని, కొలిచేవాడి చెయ్యి మంచిదైతే కూలి గిట్టుతుందని, కాకపోతే పిల్లలు పస్తేనని. అక్కడి కొలత చూసింది మన బోధకులే కదా అని ఆయనే అన్నాడు. ఆ గట్టు మీద మా అందరికీ అర్థమైన విషయం అదే. తమను సరిగ్గా కొలిచినవాళ్ళ మాటనే జనం నమ్మారు.

తిండి కోసం మతంలో కలిశారన్న మాట మమ్మల్ని నూట యాభై ఏళ్ళుగా వెంటాడుతోంది. దానికి జవాబు ఆ కాలపు లెక్కల్లోనే ఉంది. పని ఇస్తున్నంతకాలం, సాయం పంచుతున్నంతకాలం క్లౌ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. పదిహేను నెలలు. వచ్చి అడిగినవాళ్ళను, ఇప్పుడు కాదు, ఆగండి అని పంపేశారు. పెద్దవాళ్ళు, పిల్లల తల్లులు, మూడు కట్టడలూ ఒప్పుకుని బతుకుతున్నవాళ్ళు, అందరూ ఆగారు. ఆగుతుండగానే కొందరు పోయి ఉంటారు. నేను కాపరిగా ఆ మాట తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. బాప్తిస్మం అడిగిన మనిషిని కలరా కాలంలో వద్దని పంపడం తేలికైన పని కాదు. అయినా అది సరైన పనేనని నేను నమ్ముతున్నాను. చేతిలో అన్నం గిన్నె పట్టుకున్నవాడు నమ్మకం గురించి అడిగితే, ఎదుటివాడికి అవునన్న జవాబు తప్ప ఇంకో దారి ఉండదు. గిన్నె కింద పెట్టాకే అడగాలి. ఈ రోజుల్లో బహుమతులు, బస్సులు, స్వస్థతల పోస్టర్లు పెట్టి మందిని పోగుచేసే సేవ చూసినప్పుడు నాకు ఈ పదిహేను నెలలే గుర్తొస్తాయి. ఆకలిలోనే నమ్మకం పుట్టిందనీ నేను కాదనను. ఆకలినీ నమ్మకాన్నీ వేర్వేరు అరల్లో పెట్టడం బీదవాడి బతుకులో కుదరదు. కరువులో తమ పక్కన ఎవరు నిలబడ్డారో చూసే హక్కు, చూసి మనసు మార్చుకునే హక్కు వాళ్ళకు లేదనడానికి ఎవరూ సరిపోరు.

కాలువ నుంచి మళ్ళీ హైవే ఎక్కేదాకా ఆటోలో మాటలు వేరే దారి పట్టాయి. మా యూత్‌ లీడరు డిగ్రీ చేసి కానిస్టేబులు పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఈ ఏడాది మొత్తం పట్ట కట్టింది, విప్పింది, మైకు మోసింది అతనే. ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. షెడ్యూల్డు కులాల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఆ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు, దానికి ఒక్క శాతం రిజర్వేషను. బీదరికం మారదు, ఊళ్ళో చూసే చూపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. అందుకే మా సంఘాల రిజిస్టర్లలో ఉన్న పేర్లకూ, ఆదివారం కూర్చునే మనుషులకూ పొంతన ఉండదు. అతను ఆ రోజు తనంతట తానే ఆ మాట ఎత్తాడు. "అయ్యగారూ, దాక్కుని ఉన్నట్టుంటది నాకు. తీసుకుంటే ఉద్యోగం పోద్ది, తీసుకోకపోతే మనసు పోద్ది" అన్నాడు. నేను తొందరపెట్టలేదు. అబద్ధం చెప్పమనీ అనలేదు. ఆ చట్టం అన్యాయమని నేను బల్ల దగ్గరా చెప్పాను, బయటా చెప్పాను. కానీ దాని బరువు మోసేది ఇరవై మూడేళ్ళ ఈ పిల్లవాడు, నేను కాదు. "నాయనా, పదిహేను నెలలు ఆగినవాళ్ళ మనవడివి. దేవుడికి నీ మీద తొందరేమీ లేదు. నువ్వే తేల్చుకో" అన్నాను. అవ్వ అతని తల నిమిరింది.

వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ మీద హైవే వంతెన. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత రహదారి కూడా ఈ ఊరి మీదుగానే పోయేది. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ళు. కంటెయినరు లారీల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడదు. వంతెన వదిలి దిగువకు కొంత దూరం నడిస్తే ఇసుక, జమ్ము, మధ్యలో పాయగా నీళ్ళు. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, ఇంతదూరం నడిచి వచ్చే ఏరు ఇది. ఎగువన మల్లవరం దగ్గర రిజర్వాయరు కట్టారు. 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మా గుడి గోడ పగిలిన ఆ వానల్లోనే ఇంకొక గేటు కొట్టుకుపోయి, నిలవ చేసిన నీళ్ళు సముద్రం పాలయ్యాయి.

1878 జూన్‌లో క్లౌ తన బోధకులను ఒంగోలుకు కాకుండా ఈ ఒడ్డుకు రమ్మన్నాడు. ఇక పంచడానికి డబ్బు లేదని చెప్పాడు. బోధకులు వచ్చారు, వాళ్ళ వెనక జనం వచ్చారు. సాయం అక్కర్లేదు, బాప్తిస్మం కావాలన్నారు. ప్రతి బోధకుడూ తన పల్లెలవాళ్ళ పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినీ విచారించి, వీళ్ళు నా ఎరికలో ఉన్నవాళ్ళేనని పూచీ పడ్డాకే నీళ్ళలోకి పంపారు. జూలై 2న 614 మంది. మర్నాడు 2,222 మంది. నాలుగో తేదీన 700 మంది. మూడు రోజులకు 3,536. ఆ సంవత్సరాంతానికి 9,606 మంది బాప్తిస్మం పొందారు, సంఘ సభ్యులు పన్నెండు వేలు దాటారు.

2,222 అన్న అంకెను మా సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. నాకు ఆ అంకె కంటే ముఖ్యమైంది నీళ్ళలో నిలబడింది ఎవరన్నది. ఆ రోజు క్లౌ ఏట్లోకి దిగలేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఉన్నారు. ఇద్దరిద్దరుగా దిగారు. వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదిరినప్పుడు ఆపి, మళ్ళీ సాయంత్రం దాకా. నిన్నటిదాకా బావి గట్టు ఎక్కనివ్వని మనుషులు నది నడిమధ్యన నిలబడి, ఒక్కొక్కరి తల నీళ్ళలో ముంచి పైకి లేపారు. తెల్లదొర ఇచ్చిన మతం అనే మాట విన్నప్పుడల్లా నా కళ్ళ ముందు ఆ ఆరుగురే కనిపిస్తారు. నేను ఏ పరంపరలో కాపరినయ్యానని ఎవరైనా అడిగితే, వాళ్ళ తర్వాతవాణ్ణి అని చెబుతాను.

అవ్వ చెప్పులు వదిలి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి చీలమండల లోతు దాకా దిగింది. వాళ్ళ జేజి నోట విన్నది చెప్పింది. చంకలో పిల్లతో మూడు పొద్దులు నడిచి వచ్చారంట. దారిలో తిన్నది కలబంద గుజ్జు, బలుసాకు. బోధకుడు ప్రశ్నలడుగుతుంటే చంకలో పిల్ల ఏడుస్తూనే ఉందంట. ఏడ్చే పిల్లను ఒడ్డున ఎవరికో ఇచ్చి దిగిందంట. "ఎవరికిచ్చిందో జేజికి కూడా తెలవదు. ఆ పిల్లే మా జేజి" అంది అవ్వ. మునిగి లేచాక వెతుక్కుంటే, తెలియని ఊరామె ఒళ్ళో పిల్ల నిద్రపోతోందంట.

అన్నాలు అక్కడే తిన్నాం. తిన్నాక యూత్‌ లీడరు ఆటోలోంచి డప్పు తీశాడు. తెస్తాడని నాకు తెలియదు. క్రిస్మస్‌ కేరల్స్‌కు కుర్రవాళ్ళు డప్పులతో పల్లె తిరిగినప్పుడు మా సంఘంలో పెద్ద గొడవే అయింది. పెద్ద డీకను, వాళ్ళ నాయన జాతరకు కొట్టనన్నందుకు చెట్టుకు కట్టేసి కొట్టించుకున్నవాడు. "ఏది వదిలేసి మనుషులమయ్యామో అదే మళ్ళీ గుళ్ళోకి తెస్తారా" అని ఆయన ఆ రోజు ఏడ్చాడు. కుర్రవాళ్ళ మాట వేరు. ఇది మన తాతల చేతిలో పుట్టిన వాద్యం, గిటారు, కీబోర్డు గుళ్ళో ఉండొచ్చు గానీ ఇది ఉండకూడదా అని. నేను ఇద్దరి మాటా విన్నాను, తీర్పు చెప్పలేదు.

డప్పు చూడగానే డీకను మొహం మాడింది. అవ్వే కలుగజేసుకుంది. "మా తాత కూడా కొట్టనన్నాడు. డప్పును అటకెక్కించాడు. విరగ్గొట్టలా, అటకెక్కించాడు. ఊరోళ్ళు కొట్టమంటే కొట్టనన్నాడు గానీ, ఆయనకు డప్పు మీద కోపమేముంది నాయనా" అంది. డీకను ఏమీ అనలేదు. కుర్రవాడు డప్పును ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ కొట్టలేదు. కొట్టకపోవడం నాకు నచ్చింది. డప్పు దేవుని మందిరంలోకి రావాలనే నా మనసు చెబుతుంది. కానీ దెబ్బలు తిన్న మనిషి కొడుకు బతికి ఉండగా, ఆయన నోటితో సరే అనకుండా తెస్తే, ఆయన దుఃఖం మీద మేం వాయించినట్టవుతుంది. ఆయన అనేదాకా ఆగుదామని ఆ ఒడ్డునే చెప్పాను. కుర్రవాడు తలూపాడు. పెద్ద డీకను తన చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు కుర్రవాడికి ఇచ్చాడు. ఆ రోజుకు అంతే.

కట్టడం మాట తర్వాత వచ్చింది. ప్లానులో బలిపీఠం వెనక బాప్తిస్మం తొట్టి ఉంది. టైల్సు, మోటారు, డ్రైనేజీ పైపు అన్నీ లెక్కలో ఉన్నాయి. డీకన్లిద్దరికీ మాట చెడింది కూడా ఆ తొట్టి ఖర్చు దగ్గరే. అవ్వ నీళ్ళలోంచి వచ్చి పాదాలు తుడుచుకుంటూ, "ఏరు ఉండగా తొట్టి ఎందుకయ్యా మనకి" అంది. ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఏట్లో బాప్తిస్మం అంటే సంఘమంతా ఇంతదూరం రావాలి, వండుకుని రావాలి, బస్సు మాట్లాడుకోవాలి. ఏడాదికోసారి అందరం కలిసి రావడానికి అదే కారణమవుతుందని నాకు అనిపించింది. ఆ మాటే అన్నాను.

క్వారీ డీకను పుల్ల తీసుకుని ఇసుక మీద లెక్క వేయడం మొదలుపెట్టాడు. "తొట్టి తీసేస్తే సిమెంటు, ఇటుక, టైల్సు, మోటారు... స్లాబు సెంట్రింగుకు సగం వస్తది" అన్నాడు. వెనకనుంచి పెద్ద డీకను వంగి చూసి, చాలా నెలల తర్వాత మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడాడు. "సగం రాదు. ఇనుము రేటు పాతది వేశావు. మళ్ళీ వెయ్యి." క్వారీ డీకను చేత్తో ఇసుక చెరిపి మళ్ళీ వేశాడు. ఇద్దరూ పక్కపక్కన గొంతుక్కూర్చుని కడ్డీల లెక్క, కంకర లెక్క, పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు లెక్క కలిపారు. తేడా ఇంకా ఉంది. అది ఎక్కడినుంచి వస్తుందో ఇద్దరికీ తెలియలేదు.

యూత్‌ లీడరు అవతల గట్టున గొర్రెలు కాసే పెద్దాయన్ని కేకేశాడు. "తాతా, ఈస్టరుకి ఈ మడుగులో నడుంలోతు నీళ్ళుంటయ్యా?"

"పైన వదిల్తే ఉంటయి. కాలవలోళ్ళని అడగండి. ఎందుకు?"

"మావోళ్ళని తీసుకొస్తాం" అన్నాడు. వస్తానని మాత్రం అనలేదు.